గీజర్ స్విచ్ వేడెక్కుతుంటే ఏం చేయాలి: కారణం పట్టుకోవడం నుంచి మరమ్మతు దాకా

చలికాలంలో ఇంట్లో నలుగురూ వరసగా స్నానాలు చేసే రోజుల్లో గీజర్ స్విచ్ ముట్టుకుంటే చురుక్కుమంటుంది. బోర్డు దగ్గర ప్లాస్టిక్ మాడిన వాసన వస్తుంది. తెల్లటి ప్లేటు గోధుమ రంగుకు తిరుగుతుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే స్విచ్ మార్చి వెళ్తాడు. కొన్ని నెలలకు కొత్త స్విచ్ కూడా అలాగే నల్లబడుతుంది. కంపెనీ మంచిది కాదనుకుని ఈసారి ఇంకో కంపెనీది కొంటాం. చాలా ఇళ్లలో అసలు తప్పు స్విచ్‌లో ఉండదు. స్విచ్‌లోకి వైరు బిగించిన చోట ఉంటుంది. ఆ జాయింటును సరిచేయకుండా ఎన్ని స్విచ్‌లు మార్చినా వేడి తగ్గదు.

బోర్డు విప్పే పని తెలిసినవాళ్లు, సరైన పనిముట్లు ఉన్నవాళ్లే చేయాలి. అలవాటు లేకపోతే లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. అప్పుడు కూడా ఇది చదివి పక్కన నిలబడితే, ఏం అడగాలో, ఏం చూడాలో మీకు తెలుస్తుంది.

ముందు చేయాల్సింది

పొగ వస్తున్నా, లోపల చిటపటమంటున్నా, నిప్పురవ్వలు కనిపిస్తున్నా ఆ స్విచ్ జోలికి వెళ్లకండి. మీటర్ దగ్గరో, హాల్లోనో ఉండే డీబీ బాక్స్‌లో, అంటే ఇంటి లైన్లన్నీ విడిపోయే పెట్టెలో, మెయిన్ ఆఫ్ చేయండి. బాత్రూంలో ఎవరైనా ఉంటే వెంటనే బయటికి రమ్మనండి. మంట కనిపించినా నీళ్లు చల్లకూడదు. మెయిన్ ఆఫ్ చేశాక డ్రై పౌడర్ లేదా కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ ఉంటే వాడండి. లేకపోతే తలుపు వేసి అందరూ బయటికి వచ్చి 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి.

పొగ లేదు, వేడి మాత్రమే ఉందంటే డీబీలో గీజర్ ఎంసీబీని (కరెంటు హద్దు దాటితే దానంతటదే పడిపోయే స్విచ్) ఆఫ్ చేసి అలాగే ఉంచండి. ఏ ఎంసీబీ గీజర్‌దో తెలియకపోతే మెయిన్ ఆఫ్ చేసి ఆ తర్వాత తీరిగ్గా వెతకండి. చల్లారింది కదా అని సాయంత్రం మళ్లీ వేయొద్దు. ఒకసారి మాడిన కాంటాక్టు మీద నల్లటి పొర పడుతుంది. ఆ పొర కరెంటును ఇంకా అడ్డుకుంటుంది, దాంతో వేడి ఇంకా పెరుగుతుంది. ఈ సమస్య దానంతటది తగ్గేది కాదు, రోజురోజుకీ ముదురుతుంది. మరమ్మతు అయ్యేదాకా రెండు రోజులు స్టవ్ మీద నీళ్లు కాచుకోండి.

ఎంత వేడి మామూలు?

గీజర్ అరగంట నడిచాక స్విచ్ కాస్త గోరువెచ్చగా ఉంటే కంగారుపడక్కర్లేదు. పొడి చేతి వెనక భాగాన్ని ప్లేటుకు ఆనించి చూడండి. రెండు మూడు సెకన్లకు మించి ఉంచలేకపోతే అది మామూలు వేడి కాదు. వేడి పెద్దగా లేకపోయినా ఒక్కోసారి వేరే గుర్తులు కనిపిస్తాయి. స్విచ్ గట్టిగా నొక్కితే తప్ప పడకపోవడం, నొక్కినప్పుడు చిన్న శబ్దం రావడం, గీజర్ మీది ఎర్ర లైటు మినుకుమినుకుమనడం, ప్లగ్ టాప్ పిన్ను నల్లబడటం లాంటివి. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా బోర్డు విప్పి చూడాల్సిందే.

వేడి ఎక్కడినుంచి వస్తుంది? ఎంసీబీ ఎందుకు పడదు?

చాలామంది "ఎంసీబీ పడలేదు కదా, అంటే ప్రమాదం లేనట్టే" అనుకుంటారు. ఈ అపోహ వల్లే మనుషులు నెలల తరబడి మాడిన వాసనతో సర్దుకుపోతారు. కాబట్టి ఇక్కడ కొంచెం నిదానంగా చూద్దాం.

3000 వాట్ల ఇన్‌స్టంట్ గీజర్ 230 వోల్టుల దగ్గర 13 ఆంప్స్ కరెంటు తీసుకుంటుంది. స్క్రూ బిగుతుగా ఉన్న చోట నిరోధం ఓమ్‌లో చాలా చాలా చిన్న వంతు మాత్రమే ఉంటుంది కాబట్టి అక్కడ పుట్టే వేడి లెక్కలోకి రాదు. అదే స్క్రూ వదులై ఆ చోట 0.1 ఓమ్ నిరోధం ఏర్పడిందనుకోండి. వేడి అంటే కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణించడం. 13 × 13 × 0.1 = దాదాపు 17 వాట్లు. రేడియో రిపేర్ షాపులో వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్‌ను గోడలో, గాలి ఆడని ప్లాస్టిక్ డబ్బాలో, మీరు స్నానం చేసినంతసేపూ ఆన్‌లో ఉంచినట్టు అవుతుంది.

ఇంత జరుగుతున్నా లైన్లో పారే కరెంటు మాత్రం 13 ఆంప్సే. పైగా వదులు జాయింటు వల్ల అది ఒక పిసరు తగ్గుతుంది కూడా. ఎంసీబీ చూసేది కరెంటు హద్దు దాటిందా లేదా అని మాత్రమే. ఇక్కడ దాటలేదు కాబట్టి అది పడదు. ఆర్‌సీసీబీ చూసేది కరెంటు ఎర్త్‌లోకి లీకవుతోందా అని. లీకు లేదు కాబట్టి అదీ పడదు. రెండూ బాగానే పనిచేస్తున్నాయి, కానీ ఈ తరహా వేడిని పట్టుకోవడం వాటి పని కాదు. ఇక్కడ మీ ముక్కు, మీ చెయ్యి, మీ కన్నే కాపలా.

మన బోర్‌నీళ్ల గురించి కూడా ఒక మాట. ఉప్పు పేరుకున్న ఎలిమెంట్ ఎక్కువ కరెంటు లాగుతుందని, అందుకే స్విచ్ మాడిందని అంటుంటారు. నిజానికి కరెంటు పెరగదు. నీళ్లకు వేడి త్వరగా అందదు కాబట్టి గీజర్ ఎక్కువసేపు నడుస్తుంది. జాయింటు వదులుగా ఉంటే ఆ అదనపు సమయమంతా అది కాలుతూ ఉంటుంది. గీజర్ సర్వీసింగ్ చేయించడం మంచిదే, దాంతో స్విచ్ సమస్య మాత్రం తీరదు.

మొదటి మెట్టు: మీ గీజర్ వాట్లు చూసుకోండి

గీజర్ కింది వైపునో, పక్కనో స్టిక్కర్ ఉంటుంది. అందులో వాట్లు చూసి 230తో భాగించండి. 15, 25 లీటర్ల స్టోరేజ్ గీజర్లు ఎక్కువగా 2000 వాట్లవి, అంటే దాదాపు 8.7 ఆంప్స్. 3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్లు ఎక్కువగా 3000 వాట్లవి, 13 ఆంప్స్. కొన్ని ఇన్‌స్టంట్ మోడళ్లు 4500 వాట్లవి ఉంటాయి. అవి 19.6 ఆంప్స్ తీసుకుంటాయి. వాటిని 16 ఆంప్స్ స్విచ్, సాకెట్ మీద ఒక్క రోజు కూడా నడపకూడదు.

బోర్డులో ఉన్నది 6 ఆంప్స్ స్విచ్ అయితే ఇంకేం వెతకక్కర్లేదు, కారణం దొరికినట్టే. అద్దె ఇళ్లలో బాత్రూం లైటు కోసం పెట్టిన పాయింటుకే గీజర్ కలిపేయడం చూస్తుంటాం. లైటు లైనుకు సాధారణంగా 1.5 స్క్వేర్ ఎంఎం వైరు వేస్తారు, అది గీజర్‌కు సరిపోదు. అలాంటప్పుడు స్విచ్ ఒక్కటే మార్చి ఊరుకోకూడదు. డీబీ నుంచి వేరే లైను లాగాల్సిందే.

రెండో మెట్టు: కరెంటు తీసి, తీసినట్టు రూఢి చేసుకోండి

గీజర్ ఎంసీబీతో పాటు మెయిన్ కూడా ఆఫ్ చేయండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాన్నీ ఆఫ్ చేయాలి. గీజర్ ఇన్వర్టర్ మీద లేకపోయినా, చాలా ఇళ్లలో న్యూట్రల్ వైర్లు కలిసి ఉంటాయి. మెయిన్ తీసినా ఇన్వర్టర్ వైపు నుంచి కరెంటు తిరిగి వచ్చే అవకాశం ఉంది. ఇంట్లోవాళ్లు తెలియక మళ్లీ వేయకుండా డీబీ మీద ఒక కాగితం అంటించండి.

స్విచ్ ఆఫ్‌లో ఉంది కదా అని విప్పొద్దు. మామూలు 16 ఆంప్స్ స్విచ్ ఒక్క ఫేజ్ వైరునే తెంచుతుంది. ఎవరైనా ఫేజ్, న్యూట్రల్ తారుమారుగా కలిపి ఉంటే స్విచ్ ఆఫ్ చేసినా గీజర్ దాకా కరెంటు ఉంటుంది.

టెస్టర్ వెలగలేదంటే కరెంటు లేదనుకోవద్దు, టెస్టర్ పాడై ఉండొచ్చు. మెయిన్ తీయకముందు కరెంటు ఉన్న పాయింటులో ఒకసారి చూడండి. తీశాక బోర్డులో ప్రతి స్క్రూ మీదా చూడండి. చివర్లో కరెంటు ఉన్న మరో చోట టెస్టర్ వెలుగుతోందో లేదో మళ్లీ చూడండి, పక్కింటి పాయింటైనా సరే. మల్టీమీటర్ ఉంటే ఇంకా మంచిది. ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ, ఫేజ్‌కూ ఎర్త్‌కూ, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య మూడు చోట్లా కొలవండి.

మూడో మెట్టు: ఎక్కడ మాడిందో చదవండి

ప్లేటు తీసి, మాడ్యూల్స్‌ని మెల్లగా ముందుకు లాగి మంచి వెలుతురులో చూడండి. పాత స్విచ్‌ని వెంటనే పీకి పారేయొద్దు. ఎక్కడ మాడిందో చూస్తేనే ఎందుకు మాడిందో తెలుస్తుంది.

వైరు దూరే రంధ్రం దగ్గర, స్క్రూ చుట్టూ నల్లబడి ఉంటే లూజ్ కనెక్షన్. ఎక్కువగా కనిపించేది ఇదే. స్క్రూ కింద ఇన్సులేషన్ ఇరుక్కుని ఉండటం, పోగుల్లో సగం బయటే ఉండటం, ఒకే స్క్రూ కింద రెండు మూడు వైర్లు కుక్కి ఉండటం ఇక్కడ బయటపడతాయి. ఫేజ్ వైపు మాత్రమే చూసి ఆగకండి, సాకెట్ న్యూట్రల్ స్క్రూ కూడా అంతే కరెంటు మోస్తుంది.

స్క్రూలు శుభ్రంగా ఉండి, స్విచ్ మధ్యలో, మీట కింద మాడి ఉంటే లోపలి కాంటాక్టులు అరిగిపోయాయి. అప్పుడు తప్పు నిజంగానే స్విచ్‌ది. దుమ్ము, ఇంటికి సున్నం, పుట్టీ వేసినప్పుడు లోపల పడిన పొడి, చీమలు పెట్టిన గూడు కాంటాక్టులను సరిగా ఆననివ్వవు. చీమలున్నాయని కరెంటు ఉన్న బోర్డులోకి స్ప్రే కొట్టకండి. అది మండే గుణం ఉన్నది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలి ఇత్తడి భాగాలను త్వరగా తినేస్తుంది. అక్కడ ఈ రకం ఎక్కువ.

సాకెట్ రంధ్రాల దగ్గర, ప్లగ్ పిన్నుల మీద నలుపు ఉంటే సాకెట్ లోపలి స్ప్రింగు పట్టు వదిలిందన్నమాట. ప్లగ్ టాప్ ఊగుతూ తేలిగ్గా ఊడి వస్తుంటే ఇదే కారణం. ఇక్కడ సాకెట్, ప్లగ్ టాప్ రెండూ మార్చాలి. మాడిన పిన్నును కొత్త సాకెట్లో పెడితే దాన్నీ పాడుచేస్తుంది.

వైరు ఇన్సులేషన్ గోడ లోపలికి కనిపించినంత మేరా గట్టిపడి, పెళుసుగా పగులుతుంటే వైరు సైజు చాలడం లేదు. అప్పుడు కొత్త వైరు లాగించాలి, ఇంకో మార్గం లేదు.

ప్లగ్ బయటికి తీసి ఉన్నప్పుడు గీజర్ సంగతి కూడా ఒక్క నిమిషంలో తేలిపోతుంది. థర్మోస్టాట్ ఆన్‌లో ఉంచి, ప్లగ్ టాప్ ఫేజ్, న్యూట్రల్ పిన్నుల మధ్య ఓమ్స్ కొలవండి. 2000 వాట్ల గీజర్‌కు 26 ఓమ్‌ల దరిదాపుల్లో, 3000 వాట్లదానికి 17, 18 ఓమ్‌లు రావాలి. అంతకు బాగా తక్కువ వస్తే గీజర్‌లోనే లోపం ఉంది. ఈ పిన్నులకూ ఎర్త్ పిన్నుకూ మధ్య మీటర్ ఏదైనా చూపిస్తే ఎలిమెంట్ లీకవుతోంది. అది షాక్ కొట్టే ప్రమాదం. గీజర్ బాగు చేయించేదాకా వాడకూడదు.

నాలుగో మెట్టు: మరమ్మతు

అసలు పని ఇక్కడే ఉంది. తొందరపడితే మళ్లీ మొదటికొస్తుంది.

వేడికి నల్లబడిన రాగిని అలాగే కొత్త స్విచ్‌లో పెట్టకూడదు. తళతళలాడే ఎర్రటి రాగి, మెత్తటి ఇన్సులేషన్ కనిపించేదాకా వైరు వెనక్కి కత్తిరించాలి. పైపైన గీకి శుభ్రం చేయడం దానికి బదులు కాదు. కత్తిరించాక వైరు పొట్టిదైతే, గోడలో మెలిపెట్టి టేపు చుట్టి పొడిగించడం అస్సలు వద్దు. అలా చేస్తే వేడెక్కే జాయింటు ఇంకొకటి పెరుగుతుంది, అదీ కంటికి కనిపించని చోట. కొత్త వైరు లాగించండి. కన్సీల్డ్ పైపులో పాత వైరుకు కొత్తది కట్టి లాగితే ఎక్కువసార్లు వచ్చేస్తుంది.

ఇన్సులేషన్‌ను టెర్మినల్ లోతుకు సరిపడా మాత్రమే తీయండి. కటింగ్ ప్లయర్‌తో లాగితే కొన్ని పోగులు తెగిపోతాయి, ఒక్కో పోగు తెగిన కొద్దీ వైరు సన్నబడ్డట్టే. స్ట్రిప్పర్ వాడమనండి. పోగులన్నీ గట్టిగా మెలిపెట్టి, టెర్మినల్ పెద్దదైతే చివర మడిచి రెట్టింపు చేసి పెట్టాలి. వైరు చివర ఫెర్రూల్ (చిన్న లోహపు తొడుగు) తొడిగి, పనిముట్టుతో గట్టిగా నొక్కి బిగిస్తే (క్రింపింగ్) ఇంకా గట్టిగా ఉంటుంది. చివరకు సోల్డర్ పోసి స్క్రూ కింద పెట్టే అలవాటు కొందరికి ఉంది. సోల్డర్ మెత్తటిది, ఒత్తిడికి మెల్లగా నలుగుతుంది, కొన్నాళ్లకు స్క్రూ మళ్లీ వదులవుతుంది. అది వద్దని చెప్పండి.

స్క్రూ బిగించాక ప్రతి వైరునూ విడివిడిగా పట్టుకుని లాగి చూడాలి. కదిలితే విప్పి మళ్లీ బిగించాలి. ఎలక్ట్రీషియన్ చేస్తున్నప్పుడు మీరే "ఒకసారి లాగి చూపించండి" అని అడగండి. బాగా పనిచేసేవాడు దానికి నొచ్చుకోడు.

కొత్త స్విచ్, సాకెట్, ప్లగ్ టాప్ మూడూ ఐఎస్ఐ గుర్తున్నవి కొనండి, బిల్లు అడగండి. 6 ఆంప్స్ నుంచి 16 ఆంప్స్‌కు మార్చే కన్వర్టర్ ప్లగ్గులు, ఎక్స్‌టెన్షన్ బాక్సులు గీజర్‌కు ఎప్పుడూ వాడొద్దు. ఎర్త్ వైరు, అంటే ఆకుపచ్చది, సాకెట్ పెద్ద రంధ్రం వెనక కచ్చితంగా కలిసి ఉండాలి.

3000 వాట్ల గీజర్ అయితే నా సలహా వేరు. ప్లగ్, సాకెట్ మానేసి 20 లేదా 32 ఆంప్స్ డీపీ (డబుల్ పోల్) స్విచ్ పెట్టించి, గీజర్ వైరును నేరుగా దానికే కలిపించండి. ఇది ఫేజ్, న్యూట్రల్ రెండింటినీ తెంచుతుంది. పైగా ప్లగ్ పిన్ను, సాకెట్ స్ప్రింగు అనే రెండు బలహీనమైన చోట్లు లేకుండా పోతాయి. లైను 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, ఎంసీబీ 20 ఆంప్స్. 2000 వాట్లకు మంచి 2.5 స్క్వేర్ ఎంఎం వైరు, 16 ఆంప్స్ ఎంసీబీ సరిపోతాయి. 4500 వాట్లదైతే డీపీ స్విచ్ తప్పనిసరి. వైరు, ఎంసీబీ సైజులు లైను పొడవునూ గోడలో పైపునూ చూసి ఎలక్ట్రీషియనే తేల్చాలి.

డీబీ వైపు మర్చిపోకండి. గీజర్ ఎంసీబీ స్క్రూలు, న్యూట్రల్ వైర్లన్నీ కలిసే న్యూట్రల్ లింకులో గీజర్ న్యూట్రల్ స్క్రూ కూడా అదే రోజు బిగించి చూడాలి. ఎంసీబీ తరచూ పడుతోందని ఎవరైనా 16 తీసి 32 పెడతానంటే ఒప్పుకోవద్దు. ఎంసీబీ కాపాడేది గోడలోని వైరును. 16 ఆంప్స్ ఎంసీబీ 18 ఆంప్స్ దాకా గంటసేపు మోసినా పడదు, అంత వెసులుబాటు దానిలోనే ఉంది. అయినా పడుతోందంటే కారణం వెతకాలి. పాత ఇళ్లలో కట్-ఔట్ ఫ్యూజుకు వైరు పోగులు నాలుగైదు కలిపి చుట్టడం కూడా ఇంతే ప్రమాదం. ఇంకా పాత ఇళ్లలో అల్యూమినియం వైరింగ్ ఉంటే గీజర్ లైను మొత్తం రాగికి మార్పించండి. అల్యూమినియం స్క్రూ కింద త్వరగా వదులవుతుంది. రాగితో కలిపి మెలిపెట్టిన జాయింటు మరీ త్వరగా పాడవుతుంది.

మీటర్ దగ్గర, సర్వీసు వైరు దగ్గర వేడి ఉంటే మీరుగానీ మీ ఎలక్ట్రీషియన్‌గానీ ముట్టుకోకూడదు. అది డిస్కమ్, అంటే కరెంటు పంపిణీ సంస్థ పని. 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.

ఐదో మెట్టు: పరీక్షించి చూడటం

ఎలక్ట్రీషియన్ వెళ్లకముందే గీజర్ ఆన్ చేయించి, వైరు చుట్టూ పట్టి కొలిచే క్లాంప్ మీటర్‌తో ఫేజ్ వైరు మీద కరెంటు కొలవమనండి. మీరు మొదట లెక్కేసిన అంకెకు దగ్గరగా రావాలి. 25 లీటర్ల, 2000 వాట్ల గీజర్ చన్నీళ్లను బాగా వేడి చేయడానికి అరగంటకు పైగా పడుతుంది. అంతసేపూ నడవనిచ్చి అప్పుడు ప్లేటు మీద చెయ్యి పెట్టి చూడండి. ఇన్‌స్టంట్ గీజర్ అయితే నీళ్లు వదిలి పావుగంట నడపండి. కరెంటు సరిగ్గా ఉండి కూడా ప్లేటు కాలుతోందంటే ఇంకా ఎక్కడో ఒక జాయింటు మిగిలి ఉంది.

కొత్తగా బిగించిన రాగి పోగులు వేడికి, చల్లదనానికి కొంచెం సర్దుకుంటాయి. అందుకని రెండు మూడు వారాల తర్వాత కరెంటు తీసి స్క్రూలు మరోసారి బిగించి చూడటం మంచిది. ఆపైన ఏడాదికోసారి, చలి మొదలయ్యే ముందు చాలు. వేసవి అంతా వాడని గీజర్‌ను కార్తీకంలో మొదటిసారి వేసేటప్పుడు ఇది తప్పకుండా చేయించండి.

హీటర్ రాడ్ వాడేవాళ్లకు

1500 వాట్ల రాడ్ 6.5 ఆంప్స్ తీసుకుంటుంది, అంటే 6 ఆంప్స్ సాకెట్ హద్దు దాటినట్టే. హాస్టళ్లలో, గదుల్లో కన్వర్టర్ ప్లగ్ పెట్టి ఫోన్ ఛార్జింగ్ పాయింటులో వాడుతుంటారు. సాకెట్ మాడేది అందుకే. 16 ఆంప్స్ పాయింటులోనే వాడండి. నీళ్లలో చెయ్యి పెట్టే ముందు స్విచ్ ఆపి ప్లగ్ పీకేయండి.

ఇంగ్లండ్‌లో ఉన్న మనవాళ్లకు

అక్కడి ఎలక్ట్రిక్ షవర్ మన గీజర్‌కు మూడు నాలుగు రెట్లు పెద్దది. 8.5 నుంచి 10.5 కిలోవాట్లు, అంటే 40 ఆంప్స్ చుట్టూ. బాత్రూం పైకప్పుకు వేలాడే తాడు స్విచ్ సాధారణంగా 45 ఆంప్స్‌ది. 10.5 కిలోవాట్ల షవర్ దాదాపు దాని చివరి హద్దు మీద నడుస్తుంది కాబట్టి, స్క్రూ కొంచెం వదులైనా ప్లాస్టిక్ కరిగిపోతుంది. తాడు లాగితే ఇరుక్కోవడం, నియాన్ లైటు ఆరిపోవడం, పైకప్పు మీద గోధుమ మచ్చ కనిపిస్తే కన్స్యూమర్ యూనిట్‌లో (అక్కడి డీబీ బాక్స్) షవర్ బ్రేకర్ ఆపేసి ఇంటి యజమానికి ఫోటోతో సహా రాతపూర్వకంగా తెలపండి. ఇంగ్లండ్‌లో అద్దె ఇళ్ల వైరింగ్‌ను కనీసం 5 ఏళ్లకోసారి అర్హులైనవారితో తనిఖీ చేయించడం యజమాని చట్టపరమైన బాధ్యత, ఆ రిపోర్టు కాపీ అడిగే హక్కు మీకుంది. షవర్ పవర్ తక్కువలో పెట్టి వాడుకుందాంలే అని నెట్టుకురావద్దు, మాడిన టెర్మినల్ తక్కువ కరెంటుకు కూడా వేడెక్కుతుంది.